సెకండ్ హ్యాండ్ రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బైక్ చూడ్డానికి వెళ్తున్నా, ఏమేం చూసుకోవాలి?

ఖమ్మం కుర్రాడు:
అందరికీ నమస్కారం. ఏడాదిగా డబ్బులు కూడబెడుతున్నాను. హిమాలయన్ 450 నాకు అందేలా లేదు, అందుకే పాత 411 వెతుకుతున్నా. హైదరాబాద్‌లో ఒకటి దొరికింది. 2019 మోడల్, 38 వేల కిలోమీటర్లు, ఒక్కరే ఓనరు. రెండుసార్లు లద్దాఖ్ వెళ్లొచ్చిందట. ఇప్పటిదాకా 125 సీసీ బండి తప్ప నాకు ఇంకోటి తెలియదు. లద్దాఖ్ తిరిగిన బండి కొనొచ్చా? ఆదివారం చూడ్డానికి వెళ్తున్నా.

ఘాట్‌రోడ్ విశాఖ:
తమ్ముడూ, లద్దాఖ్ వెళ్లిందని భయపడకు. ఆ బండి ఉన్నదే అందుకు. వెళ్లొచ్చాక ఏమేం చేయించాడో అడుగు, బిల్లులు చూపించమను.

ముందు ఒక పని చెయ్యి. సెంటర్ స్టాండ్ వేసి, వెనక సీటు మీద ఎవరినైనా బరువు పెట్టమని ముందు చక్రం గాల్లోకి లేపు. హ్యాండిల్‌ని రెండు వేళ్లతో ఆ చివర నుంచి ఈ చివరకు మెల్లగా తిప్పు. సరిగ్గా మధ్యకు వచ్చేసరికి గాడిలో పడ్డట్టు పట్టేస్తే కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు, అరిగిపోయినట్టే. నేను ఇది చూడకుండానే కొన్నాను. మారేడుమిల్లి ఘాట్‌లో మలుపు తిప్పిన ప్రతిసారీ హ్యాండిల్ మధ్యకే లాగేది. పక్కన లోయ. దిగేసరికి గ్లవ్స్ చెమటతో తడిసిపోయాయి. సామాను ఖరీదు పెద్దగా కాలేదు, కానీ ముందు భాగమంతా విప్పాలి కాబట్టి లేబర్‌కే ఎక్కువైంది.

గుంటూరు షెడ్డు:
మా నాన్నగారిది మెకానిక్ షెడ్డు, నేనూ అక్కడే పెరిగాను. విశాఖ అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఇంకొన్ని చెప్తా.

బండి దగ్గరకు వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూడు. నువ్వు వచ్చేలోపే స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచితే, చల్లారేదాకా కూర్చో. చల్లటి ఇంజిన్ మొదటి నిమిషంలో చేసే శబ్దమే అసలు సంగతి చెప్తుంది. తర్వాత స్క్రూడ్రైవర్ తీసుకుని స్పోకులు ఒక్కొక్కటీ తట్టు. బిగుతుగా ఉన్నది ఖంగుమంటుంది, వదులైంది మొద్దుగా పలుకుతుంది. ముందు చక్రం ఫోర్కులు (షాక్ అబ్జార్బర్లు) రెండు మూడుసార్లు నొక్కి, రాడ్ మీద ఆయిల్ చారిక పడుతుందేమో చూడు. ఆయిల్ కూలర్ పైపుల జాయింట్లు కూడా. కీ తిప్పగానే ఏబీఎస్ (గట్టిగా బ్రేకేసినా చక్రం పట్టేయకుండా చూసేది) లైటు వెలిగి, బండి కాస్త కదిలాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే అనుమానించాల్సిందే.

అనంతపురం దారి:
నువ్వు ఎత్తు తక్కువైతే బండిని ఎత్తుపల్లాల్లో ఆపి చూసుకో. సీటు 800 మిల్లీమీటర్లు, బరువు 190 కిలోల పైనే. 125 మీంచి వచ్చినవాళ్లకు ఆగేటప్పుడే ఇబ్బంది.

నిజామాబాద్ నాన్న:
నేను అమ్మినవాణ్ణి, ఆ వైపు నుంచి చెప్తాను. 2022లో బండి అమ్మి, పేరు మార్పిడి కాగితాలు ఫామ్ 29, ఫామ్ 30 మీద సంతకాలు పెట్టి ఇచ్చేశాను. కొన్నాయన పేరు మార్చుకోలేదు. ఎనిమిది నెలలు చలాన్లన్నీ నా ఫోన్‌కే. చలాన్లు కట్టేయొచ్చు, నా భయం అది కాదు. ఆ బండి ఎవరినైనా గుద్దితే ఆర్‌సీలో పేరున్నవాడే నష్టపరిహారానికి బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. రాత్రిపూట కొత్త నంబరు నుంచి ఫోన్ వస్తే గుండె గుభేలుమనేది. చివరికి వాళ్ల ఊరు వెళ్లి, ఆయన్ను వెంటబెట్టుకుని ఆర్టీఏ ఆఫీసుకు తీసుకెళ్లాను.

బాబూ, నువ్వు కొనేవాడివి. అమ్మేవాళ్ల ఇంట్లోనూ ఇదే టెన్షన్ ఉంటుంది. పేరు మార్పిడికి ఇద్దరూ కలిసే వెళ్లండి. ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లోపు నీ పేరు మీదకు మార్చుకో. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మాత్రం పాత ఓనరుదే, అది నీకు రాదు.

బెంగళూరు తెలుగోడు:
లోన్ ఉందేమో ఆర్‌సీలో చూడు. ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఆర్‌సీలోంచి లోన్ తీయించే ఫామ్ 35 చేతికి వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకు. ఇక రేటు తక్కువని ఎవరైనా కర్ణాటక బండి చూపిస్తే ముందు లెక్క వేసుకో. నేను ఇక్కడ కొని వరంగల్ తీసుకెళ్లాను. బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోడానికి ఫామ్ 28తో ఆర్టీఓ ఎన్‌ఓసీ, తెలంగాణలో మళ్లీ లైఫ్ టాక్స్, రిజిస్ట్రేషన్, తిరుగుడు. చివరికి మిగిలిందేమీ లేదు.

ఖమ్మం కుర్రాడు:
చూసొచ్చాను! ఇంజిన్ చల్లగానే ఉంది, ఒక్క సెల్ఫ్‌కి అందుకుంది. హ్యాండిల్ మాత్రం మధ్యలో పట్టేసింది, చాలా సన్నగా. మూడు స్పోకులు మొద్దుగా పలికాయి. చూపిస్తే ఆయన దాచలేదు, 'నాకే తెలియలేదు బాబూ' అని తనూ తిప్పి చూశారు. బిల్లులన్నీ ఫైల్లో పెట్టి ఉన్నాయి. ఎనిమిది వేలు తగ్గించారు. లోన్ లేదు, చలాన్లు నా ముందే కట్టేశారు. పేరు మార్పిడికి బుధవారం ఆర్టీఏలో స్లాట్ బుక్ చేశాం, ఇద్దరం కలిసే వెళ్తాం. మీ అందరికీ చేతులెత్తి దండం.

ఒక్క సందేహం. ట్యూబ్ టైర్లు కదా, దారిలో పంక్చరైతే ఎలా? ముందు చక్రం 21 అంగుళాలది, దానికి సరిపోయే ట్యూబ్ మా ఊళ్లో దొరకట్లేదు.

కొత్తగూడెం గనులు:
నా దగ్గర రెండున్నాయి, ఒకటి తీసుకో. వచ్చే ఆదివారం కిన్నెరసాని దగ్గరకు రా. టైరు విప్పే లివర్లు నేను తెస్తా, నీ చేత్తోనే విప్పి వేద్దువుగాని.