“నాడీకణం చనిపోతే మళ్లీ పుట్టదు”: ఈ వాక్యాన్ని పాఠంలో ఉంచాలా, తీసివేయాలా?

జంతుశాస్త్రం_మాస్టారు
జూనియర్ కళాశాలలో ముప్పై ఒక్క ఏళ్లు జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. నాడీ కణజాలం పాఠం వచ్చిన ప్రతిసారీ “నాడీకణం విభజన చెందదు, చనిపోతే మళ్లీ పుట్టదు” అని బోర్డు మీద రాసేవాడిని. ఆ మాట ఇప్పుడు తప్పని మా మనవరాలు వాదిస్తోంది. వాక్యం ఉండాలనే నేనంటాను. చర్మంలో ఒక కణం పోతే దిగువ పొరలోని కణం విభజన చెంది ఆ ఖాళీని నింపుతుంది. వెన్నుపాము దిగువ భాగంలో కణదేహం ఉండి, పాదం దాకా దాదాపు మీటరు పొడవున తీగలాంటి ఆక్సాన్‌ను చాపి, ఇతర కణాలతో కలిసే వేల సైనాప్స్‌ల ద్వారా సందేశాలు అందుకునే కణం అలా రెండుగా చీలితే ఆ అల్లిక అంతా ఏమవుతుంది? మానవ మెదడులో ఉన్న సుమారు 8,600 కోట్ల నాడీకణాలలో చాలా భాగం మనతోపాటే ముసలివవుతాయి. సభ్యుల అభిప్రాయం కోరుతున్నాను.

అద్దాలపని
మాస్టారూ, ఆ వాక్యం అబద్ధమనడానికి నా కుడిచెయ్యే సాక్ష్యం. కిటికీ అద్దం బిగిస్తుండగా పలక జారి మణికట్టు దగ్గర, చిటికెన వేలి వైపు నరం పూర్తిగా తెగిపోయింది. చిటికెన వేలు, ఉంగరపు వేలిలో సగం మొద్దుబారిపోయి, వేడి గిన్నె తగిలి బొబ్బలెక్కినా తెలిసేది కాదు. ఈరోజు అదే వేలితో అద్దం అంచు నునుపో గరుకో చెప్పగలను. పుట్టదన్నది ఎలా వచ్చింది?

జంతుశాస్త్రం_మాస్టారు
మీ చేతికి స్పర్శ తిరిగి వచ్చినందుకు సంతోషం, కానీ మీరు చెప్పింది నా వాక్యాన్ని ఖండించదు. నరం వేరు, నాడీకణం వేరు. నరం అంటే వేల ఆక్సాన్లను కట్టకట్టి, సంధాయక కణజాలపు పొరలు చుట్టిన తాడు. ఆ ఆక్సాన్ల కణదేహాలు మణికట్టులో ఉండవు, వెన్నుపాములోనూ దాని పక్కనున్న నాడీసంధుల్లోనూ (కణదేహాల ముద్దల్లోనూ) ఉంటాయి. మీకు తెగింది తాడు మాత్రమే, కణాలు చనిపోలేదు. 1850లో వాలర్ అనే శాస్త్రవేత్త కప్ప నాలుక నరాలను కోసి, కణదేహంతో సంబంధం తెగిన దిగువ ముక్క శిథిలమవుతుందని చూపించాడు. ఆ శిథిలాన్ని, ఆక్సాన్ చుట్టూ తొడుగులా ఉండే ష్వాన్ కణాలు, వాటికి తోడుగా వచ్చే భక్షక కణాలు శుభ్రం చేస్తాయి. తరువాత ష్వాన్ కణాలే వరుస కట్టి గొట్టంలాంటి దారి నిలుపుతాయి. పై ముక్కలోని ఆక్సాన్ కొన ఆ దారి పట్టుకొని రోజుకు ఇంచుమించు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. ఉన్న కణమే చెయ్యి చాపిందన్నమాట, కొత్త కణం పుట్టలేదు.

అద్దాలపని
మీకు ఆ తేడా తెలుసు. మీ దగ్గర చదివిన వందల మందిలో ఎందరికి తెలుసు? జనం నరమనే అంటారు. పరీక్ష అయిపోయాక పిల్లవాడి తలలో మిగిలేది “మళ్లీ పుట్టదు” అన్న రెండు మాటలే.

పల్నాటి_పాఠకుడు
నరం సంగతి పక్కన పెట్టినా, మాస్టారి వాక్యం మెదడు విషయంలోనూ నిలవదు. ఎలుక మెదడులో కొత్త నాడీకణాలు పుడుతున్నాయని శాస్త్రవేత్త ఆల్ట్‌మన్ 1960ల మొదట్లోనే చెప్పాడు, ఎవరూ వినలేదు. 1998లో ఎరిక్సన్ బృందం మనిషి మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్‌లోనూ అదే చూసింది. 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు, అణుపరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14 మన కణాల డీఎన్‌ఏలో చేరిన తీరును కొలిచి, దానితో కణాల వయసు తెలుసుకొని, ఒక్కొక్క హిప్పోకాంపస్‌లో రోజుకు సుమారు 700 కొత్త నాడీకణాలు చేరుతున్నాయని లెక్కగట్టారు. ముక్కులో వాసన పట్టే నాడీకణాలైతే జీవితాంతం మారుతూనే ఉంటాయి.

జంతుశాస్త్రం_మాస్టారు
ముక్కు సంగతి ఒప్పుకుంటాను. హిప్పోకాంపస్ విషయంలో మీరు సగం చెప్పి ఆపారు. 2018లో శాన్‌ఫ్రాన్సిస్కో బృందం పెద్దవాళ్ల మెదడుల్లో వెదికి, కొత్త కణాలు కనిపించలేదని ప్రకటించింది. 2019లో మాడ్రిడ్ బృందం, మరణానంతరం కణజాలాన్ని భద్రపరిచే రసాయనంలో ఎక్కువసేపు ఉంచితే ఆ కణాల గుర్తులు చెరిగిపోతాయని చూపించి, ఎనభై దాటిన వారిలోనూ అవి ఉన్నాయంది. ఇంకా తేలని వివాదాన్ని ఆధారం చేసుకొని పాఠం మార్చమంటారా?

గోదావరి_గట్టు
మా నాన్నగారికి పక్షవాతం వచ్చి మాట పోయి, ఆరు నెలలకు తిరిగి వచ్చింది. అక్కడ కొత్త కణాలు పుట్టినట్టేనా?

ఫిజియో_విశాఖ
లేదండీ. రక్తం అందక చనిపోయిన కణాల స్థానం అలాగే ఉండిపోతుంది. చుట్టూ మిగిలిన కణాలు తమ సైనాప్స్‌లను మార్చుకొని ఆ పనిలో కొంత నెత్తికెత్తుకుంటాయి. మాట మళ్లీ మళ్లీ పలికించే సాధన పనికొచ్చేది అందుకే.

తమ్ముడి_అక్క
రెండు రోజులుగా చదువుతూ ఊరుకున్నాను, ఇక ఊరుకోలేను. మా తమ్ముడు తాటిచెట్టు మీదనుంచి పడి ఛాతీ మట్టంలో వెన్నుపాము దెబ్బతిని, నడుము కింద చలనం లేకుండా మంచానికే పరిమితమయ్యాడు. అద్దాలపని అన్నగారు చెప్పినట్టే మాకూ ఒకరు చెప్పారు: నరం పెరుగుతుంది, మూలకణాలు (స్టెమ్ సెల్స్) ఎక్కిస్తే ఇంకా త్వరగా పెరుగుతుంది అని. ఎకరంన్నర పొలం అమ్మి నాలుగు సూదులు వేయించాం. ఒక్క కాలి వేలూ కదలలేదు. “నా చెయ్యి వచ్చింది, కాబట్టి నరం వస్తుంది” అని మీరు రాసే ప్రతి మాటా ఇంకొక ఇంట్లో పొలం అమ్మిస్తుంది. మాస్టారి వాక్యాన్ని మాకు ఎవరైనా ముందే గట్టిగా చెప్పి ఉంటే బాగుండేది.

అద్దాలపని
అమ్మా, మీ బాధకు నేను కారణమన్నట్టు రాయడం అన్యాయం. నేను సూదులు అమ్మలేదు. నా చేతికి జరిగింది మాత్రమే చెప్పాను, అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఇంతవరకు చెప్పనిది ఇప్పుడు చెబుతున్నాను. తెగిన రోజు కట్టు కట్టిన డాక్టరు మాస్టారి వాక్యమే నాతో అన్నాడు: “నరం తెగింది, ఇక అది రాదు, ఉన్నదానితో సరిపెట్టుకో.” నేను నమ్మి ఐదు నెలలు ఇంట్లో కూర్చున్నాను. ఇంకొక డాక్టరు చూసి, వెంటనే కుట్టి ఉంటే సరిపోయేదని, అప్పటికి తెగిన కొసలు దూరమయ్యాయని, పిక్క దగ్గరి నరం ముక్క తీసి మధ్యలో అతికించాడు. స్పర్శ వచ్చింది. బొటనవేలికీ చూపుడు వేలికీ నడుమ ఉండే కండ మాత్రం కరిగిపోయింది, తిరిగి రాలేదు. ఆ రెండు వేళ్ల మధ్య కాగితం పెట్టి లాగితే ఆపలేను. ఆ వాక్యం మీ పొలాన్ని కాపాడేదేమో, నా చేతిని మాత్రం అదే తీసింది.

తమ్ముడి_అక్క
అది నాకు తెలియదు అన్నగారూ. గట్టిగా మాట్లాడినందుకు మన్నించండి.

ఫిజియో_విశాఖ
రోజూ ఇద్దరిలాంటి వారినీ చూస్తాను కాబట్టి చెబుతున్నాను. ఎక్కడ తెగిందన్నదే ఇక్కడ మొదటి ప్రశ్న. చేతిలో, కాలిలో ఆక్సాన్‌కు మయలిన్ అనే కొవ్వు తొడుగు వేసేది ష్వాన్ కణం, అది పెరుగుదలకు దారి ఇస్తుంది. మెదడు, వెన్నుపాములలో ఆ పని చేసేది ఆలిగోడెండ్రోసైట్ అనే మరో కణం. దాని మయలిన్‌లో పెరుగుదలను అడ్డుకునే పదార్థాలున్నాయి. పైగా ఆస్ట్రోసైట్లనే సహాయక కణాలు గాయం చుట్టూ గోడలా మచ్చ కడతాయి. 1981లో మాంట్రియల్‌లో డేవిడ్, అగువాయో ఎలుక వెన్నుపాము పక్కన కాలి నరం ముక్కను వంతెనలా అమర్చితే, వెన్నుపాములోని ఆక్సాన్లు దానిలోకి సెంటీమీటర్ల కొద్దీ పెరిగి, అవతలి చివర మళ్లీ వెన్నుపాములోకి వెళ్లగానే ఆగిపోయాయి. అంటే కణానికి పెరిగే శక్తి ఉంది, చుట్టూ ఉన్న నేల ఒప్పుకోవడం లేదు. మనిషికి దానిని మార్చే చికిత్స ఇంకా చేతికి రాలేదు. వెన్నుపాము గాయానికి మూలకణాలు ఎక్కించడం పరిశోధనగా తప్ప చికిత్సగా చేయరాదని, దానికి రోగి దగ్గర డబ్బు తీసుకోరాదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలలో ఉంది. రెండవ ప్రశ్న సమయం. నరం అందని కండరం ఏడాది, ఏడాదిన్నర దాటితే నారగా మారిపోతుంది. రోజుకు మిల్లీమీటరు నడిచే ఆక్సాన్ అప్పుడు చేరినా అక్కడ కదిలేదేమీ ఉండదు. స్పర్శకు గడువు అంతకన్నా ఎక్కువ.

జంతుశాస్త్రం_మాస్టారు
కణం విభజన చెందదన్న మాటను నేను ఇప్పటికీ వదులుకోను. అయితే బోర్డు మీద దానిని ఒంటరిగా రాసి, కింద గీత గీసి, పరీక్షకు ముఖ్యమని చెప్పిన ఆ ముప్పై ఒక్క ఏళ్లూ ఈ రాత్రి గుర్తుకు వస్తున్నాయి. అద్దాలపని గారూ, మీకు కట్టు కట్టిన వ్యక్తి ఎక్కడో ఒక తరగతిలో ఆ వాక్యం రాసుకున్నవాడే. “చేతి నరం తెగితే వెంటనే కుట్టించాలి, వెన్నుపాము తెగితే అతికించే మందు ఇంకా లేదు” అన్న రెండు ముక్కలు కూడా నేను రాయించి ఉండవలసింది.

అద్దాలపని
“మళ్లీ పుట్టదు” బదులు “కణం పుట్టదు, ఆక్సాన్ పెరుగుతుంది” అనండి మాస్టారూ. నేను అడిగేది ఆ ఒక్క మార్పే.

తమ్ముడి_అక్క
ఈ చర్చ అంతా తమ్ముడికి చదివి వినిపించాను. అన్నగారి చేతిలో పెరుగుతున్నట్టు ఎలా తెలిసిందని అడుగుతున్నాడు.

అద్దాలపని
ఫిజియో అమ్మాయి నరం వెంట వేలితో తట్టేది. ఎక్కడ తట్టితే చిటికెన వేలిలో జివ్వుమంటుందో అక్కడ పెన్నుతో గీత పెట్టి, నెల తిరిగాక మళ్లీ చూసేది. మొదటి గీత మణికట్టు కుట్టు మీద ఉండేది. మూడు నెలలకు అరచేతి మధ్యకు వచ్చింది. తొమ్మిదో నెలలో చిటికెన వేలి చివరి కణుపు దగ్గర పెట్టింది. తరువాత గీతలు పెట్టడం మానేశాం. తమ్ముడి చేతులు బాగున్నాయా అమ్మా?

తమ్ముడి_అక్క
చేతులు బాగున్నాయి అన్నగారూ. ఇది టైపు చేస్తున్నది అతనే.