మారిస్ మైనర్ ట్రావెలర్ కర్ర చట్రానికి వార్నిషా, నూనా?

పటమట పాతబండి: ట్రావెలర్ ఒకటి చేతికొచ్చింది, పాత బ్రిటిష్ కారు. 1953 నుంచి 1971 దాకా తయారైన రకం. వెనక సగం యాష్ కర్ర చట్రం, మధ్యలో అల్యూమినియం రేకులు. ఆ కర్ర సోకుకి పెట్టింది కాదు, వెనక బాడీని నిలబెట్టేది అదే. పాత వార్నిష్ పొక్కులు లేచింది, అతుకుల దగ్గర నల్లబడింది. ఆటోనగర్‌లో పీయూ (పాలీయూరిథేన్, గట్టి పొరలా ఆరే వార్నిష్) కొట్టించెయ్ అంటున్నారు. మా మేస్త్రి అవిసె నూనె పట్టించమంటున్నాడు. ఏది మేలు?

అరండల్‌పేట: పీయూనే. పచ్చి అవిసె నూనె ఓ పట్టాన ఆరదు. మన దుమ్మంతా దానికే అంటుకుంటుంది, వానాకాలం బూజు కూడా పడుతుంది.

కృష్ణలంక వడ్రంగి: పచ్చి నూనె ఎవరు వాడమన్నారండీ? కాచినది, పల్చగా పట్టించి, మిగిలింది తుడిచేయాలి. మే నెల ఎండకి కర్ర కుంచించుకుపోతుంది, వానలకి ఉబ్బుతుంది. అతుకు దగ్గర పీయూ వెంట్రుకంత చీలితే చాలు, నీళ్లు లోపలికి పోతాయి, ఇక బయటికి రావు. పైన నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల పుచ్చిపోతుంది. నూనైతే వెలిసిన చోట గుడ్డతో మళ్లీ రుద్దుకోవచ్చు. ఆ గుడ్డల్ని మాత్రం ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో ముంచి పెట్టండి.

అరండల్‌పేట: ఏటా రుద్దే ఓపిక ఎవరికుంది గురువుగారూ? పడవలకి వేసే వార్నిష్ వాడితే సరి. ఎండని ఆపే ఫిల్టర్ ఉంటుంది, కర్రతో పాటు కాస్త సాగుతుంది.

కృష్ణలంక వడ్రంగి: సాగుతుంది, ఒప్పుకుంటాను. ఏది వేసినా ముందు కోసిన కొసలకి, స్క్రూ బెజ్జాలకి పట్టించాలి. నీళ్లు తాగేది అక్కడే, మనవాళ్లు బ్రష్ పెట్టనిదీ అక్కడే. ముందా నలుపు సంగతి చూడండి. ఇనుప స్క్రూల మరకైతే ఆక్సాలిక్ యాసిడ్‌తో పోతుంది. పుచ్చైతే దేనికీ పోదు. స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి.

పటమట పాతబండి: పొడిచాను. అడుగు పట్టెలో అరంగుళం దిగింది. ఇక్కడ యాష్ దొరకదు, టేకు వెయ్యొచ్చా?

కృష్ణలంక వడ్రంగి: చేవ టేకు అంత తొందరగా పుచ్చదు. కానీ జిడ్డు కర్ర, థిన్నర్‌తో తుడవకపోతే జిగురు పట్టదు. అడుగు పట్టె వరకే కదా, వేసేయండి.

అరండల్‌పేట: దీనికి మాత్రం నేను ఒప్పుకోను. యాష్ క్రికెట్ స్టంపులు చేసే కర్ర, దెబ్బ తిన్నా తట్టుకుంటుంది. పైగా తెల్లటి చట్రంలో గోధుమరంగు పట్టె కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఆలస్యమైనా బయటినుంచి యాష్ తెప్పించండి.