ఫోన్ పెడితేనే ముద్ద దిగుతోంది, ఎలా మాన్పించాలి?

మా పాపకి మూడేళ్లు. ఫోన్లో పాటలు పెడితేనే నోరు తెరుస్తుంది. నిన్న చార్జింగ్ అయిపోయిందని పప్పన్నం గిన్నె నేలకేసి కొట్టింది. రాత్రి పదకొండైనా నిద్రపోదు. చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరైనా మాన్పించారా?

జవాబు 1: మా బాబుదీ ఇదే గొడవ అండీ. తెర చూస్తూ తింటే కడుపు నిండింది కూడా వాళ్లకి తెలీదు. మేం ఒక్కసారే ఆపేశాం. నాలుగు రోజులు ఒకటే ఏడుపు, అరకడుపు తిండి. ఐదో రోజు మా అత్తయ్య కాకి ముద్ద, పిచ్చుక ముద్ద అంటూ పెడితే తిన్నాడు.

జవాబు 2: ఈ వయసుకి రోజుకి గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. పడుకునే గంట ముందే ఫోన్ తీసేయండి. మీరూ పాప ముందు చూడకండి.

అడిగినవారు: ఈ పూట బాల్కనీలో కూర్చోబెట్టి పెట్టానండీ. ఐదు ముద్దలు తింది, ఏడుస్తూనే.