పాత బేస్‌బాల్ స్టేడియంలు ఉండిన చోట్లు చూసొచ్చినవాళ్లున్నారా? పిట్స్‌బర్గ్, క్లీవ్‌ల్యాండ్, డెట్రాయిట్ వైపు

కొలంబస్_నాన్న:

అందరికీ నమస్తే. మేం ఒహాయో కొలంబస్‌లో ఉంటాం. మా బాబు లిటిల్ లీగ్ అనే పిల్లల బేస్‌బాల్‌లో సెకండ్ బేస్ ఆడతాడు, అంటే రెండో బేస్ దగ్గర ఫీల్డర్. వాడిని ప్రాక్టీస్‌కి దింపి గ్రౌండ్ పక్కన కూర్చునీ కూర్చునీ నాకూ ఈ ఆట పిచ్చి పట్టుకుంది, ఇప్పుడు పాత ఆటగాళ్ల గురించీ పాత స్టేడియంల గురించీ వాడికంటే నేనే ఎక్కువ చదువుతున్నాను.

అక్టోబర్‌లో పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్దామనుకుంటున్నాం. ఎలాగూ అటు వెళ్తున్నాం కాబట్టి పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టు పాత స్టేడియం ఫోర్బ్స్ ఫీల్డ్ ఉండిన చోటు పిల్లాడికి చూపించాలని ఉంది. 1970లో మూసేసి, తర్వాత పడగొట్టేశారని తెలుసు. ఇలాంటి చోట్ల నిజంగా చూడ్డానికి ఏమైనా మిగిలి ఉంటుందా, లేక ఒక బోర్డు పక్కన ఫొటో దిగి వచ్చేయడమేనా? కూపర్స్‌టౌన్‌లో ఉన్న బేస్‌బాల్ మ్యూజియం, హాల్ ఆఫ్ ఫేమ్ గురించి అడగడం లేదు, అది వేసవి సెలవుల ప్లాన్‌లో ఉంది. మ్యాచ్‌లు జరిగిన నేల మీద నిలబడాలన్నది మా కోరిక. మా ఆవిడకి బేస్‌బాల్ అంటే ఆసక్తి లేదు, కాబట్టి ఒక్కో చోట గంటకి మించి ఉండలేం. దారిలో కలిసొచ్చే ఇంకేమైనా ఉంటే అవీ చెప్పండి.

పిట్స్‌బర్గ్_వాసి:

కొలంబస్ అన్నా, ఫోర్బ్స్ ఫీల్డ్ దగ్గర మిగిలింది బాగానే ఉంది. కూల్చేసిన స్టేడియంలలో ఇంత మిగిలినవి చాలా తక్కువ. ముందు గుడి సంగతి చూసుకోండి. పొద్దున్నే పెన్ హిల్స్‌లో దర్శనం చేసుకుని, అక్కడే పులిహోర తినేసి బయల్దేరితే అరగంటలో ఓక్లాండ్‌లో ఉంటారు, అది పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ ఉన్న ఏరియా. మ్యాప్‌లో రోబెర్టో క్లెమెంటే డ్రైవ్ అని కొడితే నేరుగా గోడ దగ్గరికి తీసుకెళ్తుంది.

అది మైదానం దూరపు అంచున ఉండే పాత ఔట్‌ఫీల్డ్ గోడ. ఎర్ర ఇటుకలు, వాటి మీద పాకిన తీగ, ఒకచోట తెల్లరంగుతో 457 అన్న అంకె. బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ నుంచి అక్కడికి 457 అడుగులు, అంటే దాదాపు 139 మీటర్లు. క్రికెట్‌లో బౌండరీ 80 మీటర్లుంటే పెద్ద గ్రౌండ్ అంటాం మనం. అంత దూరం బంతి రావడమే అరుదు కాబట్టి, బ్యాటింగ్ ప్రాక్టీస్‌కి వాడే పెద్ద కేజ్‌ని మ్యాచ్ జరుగుతున్నప్పుడు కూడా మైదానం లోపలే గోడ వార పెట్టేసేవాళ్లు. జెండా స్తంభం కూడా ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. 1960 అక్టోబర్ 13న, ఏటా ఛాంపియన్‌ని తేల్చే వరల్డ్ సిరీస్‌లో, పైరేట్స్ ఆటగాడు బిల్ మేజరాస్కీ కొట్టిన హోమ్ రన్ (మన సిక్సర్ లాంటి దెబ్బ) ఈ గోడ మీంచే వెళ్లిందనుకుంటారు. అది లెఫ్ట్ ఫీల్డ్ వైపు వెళ్లింది, అక్కడి గోడ ఇప్పుడు లేదు. అది ఉండిన గీత వెంట నేలలో ఇటుకలు పరిచారు, బంతి దాటిన చోట పేవ్‌మెంట్‌లో ఒక ఫలకం పెట్టారు. గోడ దగ్గర మొదలుపెట్టి ఆ ఇటుకల వెంట నడిపించండి బాబుని. తర్వాత పక్కనే ఉన్న పోస్వార్ హాల్‌లోకి వెళ్లండి, కింది అంతస్తులో నేలలో గాజు కింద హోమ్ ప్లేట్ ఉంటుంది. పిల్లలు క్లాసులకి పరిగెడుతూ దాని మీంచే వెళ్తుంటారు. అది యూనివర్సిటీ భవనం కాబట్టి పనిరోజుల్లో పగలు వెళ్లడం మేలు, శని, ఆదివారాల్లో అయితే తలుపులు తీసి ఉంటాయా లేదా ముందే కనుక్కోండి.

మీ వాడు సెకండ్ బేస్ అన్నారు కదా, మేజరాస్కీ కూడా సెకండ్ బేసే. ఫీల్డింగ్‌కి ఎనిమిది గోల్డ్ గ్లవ్ అవార్డులు గెలిచినవాడు, బ్యాటుతో అంత భయపెట్టే మనిషి అని ఎవరూ అనుకోలేదు. ఆ సిరీస్ మొత్తంలో ప్రత్యర్థి న్యూయార్క్ యాంకీస్ 55 పరుగులు కొడితే పైరేట్స్ కొట్టింది 27. అయినా పైరేట్స్ సిరీస్‌ని ఆఖరిదైన ఏడో మ్యాచ్ దాకా లాగారు, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో 9-9 దగ్గర ఆయన మొదటి బ్యాటర్‌గా దిగి రెండో బంతికే గోడ దాటించాడు. వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్ ఇలా ఆఖరి దెబ్బ హోమ్ రన్‌తో ముగియడం అదొక్కసారే.

మీకు వీలైతే తేదీ అక్టోబర్ 13 పెట్టుకోండి. 1985లో ఒక అభిమాని ఒక్కడే ఆ గోడ దగ్గర కూర్చుని మ్యాచ్ రేడియో కామెంటరీ టేపు పెట్టుకుని విన్నాడట, తర్వాత అది ఏటా జరిగే పండగ అయిపోయింది. ఆ రోజు మధ్యాహ్నం టేపు మొదలుపెడతారు, హోమ్ రన్ సరిగ్గా అసలు సమయానికే, 3:36కి వినపడేలా. తాతలు మనవళ్లని వెంటబెట్టుకుని వస్తారు. ఫలితం అందరికీ తెలుసు, అయినా ఎనిమిదో ఇన్నింగ్స్ వచ్చేసరికి మాటలు ఆగిపోతాయి. నాకు ఈ ఊళ్లో అన్నిటికంటే ఇష్టమైన మధ్యాహ్నం అదే.

బే_ఏరియా_బాబాయ్:

ఎవరి ఇష్టం వాళ్లది కానీ, నేను చికాగోలో పాత కమిస్కీ పార్క్ చోటు చూశాను. కొత్త స్టేడియం పార్కింగ్ లాట్‌లో హోమ్ ప్లేట్ గుర్తు ఉంటుంది, చుట్టూ కార్లు. అక్కడ నాకు ఏమీ అనిపించలేదు. పిల్లాణ్ని అంత దూరం తీసుకెళ్లి పార్కింగ్ లాట్ చూపించే బదులు, ఇంకా నిలబడి ఉన్న వాటికి తీసుకెళ్లండి. బోస్టన్‌లో 1912 నాటి ఫెన్‌వే, చికాగోలో 1914 నాటి రిగ్లీ ఫీల్డ్ ఉన్నాయి. అలబామా బర్మింగ్‌హామ్‌లో 1910లో కట్టిన రిక్‌వుడ్ ఫీల్డ్ ఉంది, తర్వాత దిగ్గజమైన విల్లీ మేస్ కుర్రాడిగా ఆడిన మైదానం, ఇప్పటికీ లోపల తిరగొచ్చు.

క్లీవ్‌ల్యాండ్_ఈస్ట్:

బాబాయ్ గారూ, రిక్‌వుడ్ విషయంలో మీతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. కానీ పార్కింగ్ లాట్‌ని చూసి అన్ని చోట్లూ అంతే అనుకోవద్దు. హోమ్ ప్లేట్ ఎక్కడో తెలియడం సగం పని, అక్కడి నుంచి చూస్తే ఔట్‌ఫీల్డ్ ఎంత దూరమో కంటికి ఆనాలి. అది ఆనే చోటు మా ఊళ్లో ఉంది.

లీగ్ పార్క్. తూర్పు 66వ వీధి, లెక్సింగ్టన్ అవెన్యూ మూల. 1891లో మొదలైన మైదానం. పాత టికెట్ ఆఫీసు భవనం, వీధి వెంట గోడలో కొంత భాగం మిగిలాయి, 2014లో నగరం మైదానాన్ని మళ్లీ తీర్చిదిద్దింది. హోమ్ ప్లేట్ పాత చోటులోనే ఉంది, పిల్లలు దాని మీద ఆడుకుంటారు. టికెట్ ఆఫీసులో చిన్న మ్యూజియం ఉంది. ఇక్కడ రైట్ ఫీల్డ్ లైను, అంటే హోమ్ ప్లేట్ నుంచి కుడివైపు గోడకి దూరం, 290 అడుగులే, వీధికి అవతలి ఇళ్లు అడ్డొచ్చి అంతకంటే జరపలేకపోయారు, అందుకే 40 అడుగుల ఎత్తు గోడ కట్టారు. యాంకీస్ దిగ్గజం బేబ్ రూత్ 500వ హోమ్ రన్ 1929లో ఆ వైపే కొట్టాడు.

కొలంబస్ గారూ, మీ బాబు కోసం అసలు కథ ఇది. 1920 అక్టోబర్ 10, వరల్డ్ సిరీస్ ఐదో మ్యాచ్, బ్రూక్లిన్ బ్యాటింగ్, మొదటి బేస్ మీదా రెండో బేస్ మీదా రన్నర్లు. బంతి పడగానే ఇద్దరూ పరుగు అందుకున్నారు. బ్యాటర్ క్లారెన్స్ మిచెల్ కొట్టిన లైన్ డ్రైవ్‌ని, అంటే నేరుగా దూసుకొచ్చిన బంతిని, క్లీవ్‌ల్యాండ్ సెకండ్ బేస్ ఆటగాడు బిల్ వాంబ్స్‌గాన్స్ ఎగిరి పట్టాడు, ఒక ఔట్. రెండడుగులు వేసి బేస్ తొక్కాడు, క్యాచ్ పడ్డాక వెనక్కి రావాల్సింది పోయి మూడో బేస్ వైపు వెళ్లిపోయిన రన్నర్ ఔట్. తిరిగి చూస్తే మొదటి బేస్ నుంచి వచ్చినవాడు ఎదురుగా బిత్తరపోయి నిలబడి ఉన్నాడు, వాణ్ని తాకాడు, మూడో ఔట్. ఒక్కడే, ఎవరి సాయం లేకుండా. వరల్డ్ సిరీస్ చరిత్రలో ఇలాంటిది ఇంకోటి లేదు. అదే మ్యాచ్‌లో సిరీస్ చరిత్రలో మొదటి గ్రాండ్ స్లామ్ (మూడు బేస్‌ల మీదా రన్నర్లుండగా కొట్టే హోమ్ రన్) కూడా ఎల్మర్ స్మిత్ కొట్టాడు. మీ వాణ్ని సెకండ్ బేస్ దగ్గర నిలబెట్టి ఆ మూడు ఔట్లూ నడిపించి చూడండి, బోర్ అన్న మాటే రాదు.

కొలంబస్ నుంచి ఇక్కడికి రెండు గంటల పైచిలుకు, ఇక్కడి నుంచి పిట్స్‌బర్గ్‌కి అంతే. త్రికోణం లాగా తిరిగి ఇంటికెళ్లొచ్చు.

డెట్రాయిట్_మిత్రుడు:

మీ లిస్టులో డెట్రాయిట్ ఉంది కాబట్టి చెప్తున్నా, టైగర్ స్టేడియం ఉండిన మిషిగన్ అవెన్యూ, ట్రంబుల్ మూల తప్పకుండా చూడండి. ఇక్కడ జనం ఆ మూలని ‘ది కార్నర్’ అనే అంటారు. ఫెన్‌వే, టైగర్ స్టేడియం రెండూ ఒకే రోజు, 1912 ఏప్రిల్ 20న తెరిచారు. ఆఖరి మ్యాచ్ 1999 సెప్టెంబర్ 27న. తర్వాత ఏళ్ల తరబడి ఖాళీగా వదిలేసి 2009కల్లా మొత్తం కూల్చేశారు. మైదానం కలుపు మొక్కలతో నిండిపోయింది. అప్పుడు చుట్టుపక్కల జనం సొంత మెషిన్లు తెచ్చుకుని గడ్డి కోయడం మొదలుపెట్టారు, వాళ్లది కాని స్థలంలో, పైసా జీతం లేకుండా. వెళ్లిపొమ్మన్నా మళ్లీ వచ్చి కోశారు. ఆ మట్టి వాళ్ల వల్లే బతికింది అంటాను నేను. 2018 నుంచి అక్కడ పిల్లల బేస్‌బాల్ మైదానం ఉంది. గడ్డి మాత్రం ఇప్పుడు కృత్రిమం, దానికి ఆ వాలంటీర్లు చాలా బాధపడ్డారు, నాకూ నచ్చలేదు. సెంటర్ ఫీల్డ్‌లో 125 అడుగుల పాత జెండా స్తంభం అలాగే ఉంది. 1939లో యాంకీస్ ఆటగాడు లూ గెరిగ్ వరుసగా 2,130 మ్యాచ్‌లు ఆడి మొదటిసారి బెంచీ మీద కూర్చుంది ఈ మైదానంలోనే.

ఎడిసన్_నుంచి:

న్యూయార్క్ వైపు వచ్చేటప్పుడు పనికొస్తుందని రాస్తున్నా. బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు పాత స్టేడియం ఎబెట్స్ ఫీల్డ్ చోట 1962 నుంచి అపార్ట్‌మెంట్లు. 1947 ఏప్రిల్ 15న, నల్లజాతివాళ్లకి పెద్ద లీగుల తలుపు తెరిచిన జాకీ రాబిన్సన్ మొదటి మ్యాచ్ ఆడిన నేల అది. చూడ్డానికి ఒక రాయి ఉంది, అంతే. జనం కాపురాలుంటున్న చోటు, కిటికీల వైపు కెమెరా పెట్టకుండా చూసి వచ్చేయండి. న్యూయార్క్ జెయింట్స్ జట్టు ఆడిన పోలో గ్రౌండ్స్ చోట కూడా అపార్ట్‌మెంట్లే, కానీ కొండ అంచు నుంచి కిందికి దిగే జాన్ టి. బ్రష్ మెట్ల దారి మిగిలింది, మధ్యలో మెట్టు మీద న్యూయార్క్ జెయింట్స్ కానుక అన్న అక్షరాలు చదవొచ్చు. టికెట్ కొనలేని జనం ఆ కొండ మీంచే మ్యాచ్ చూసేవాళ్లు.

నా ఓటు మాత్రం న్యూజెర్సీ ప్యాటర్సన్‌లో హించ్‌లిఫ్ స్టేడియంకి. 1932లో కట్టింది, నల్లజాతి ఆటగాళ్లని పెద్ద లీగుల్లోకి రానివ్వని రోజుల్లో వాళ్ల సొంత నీగ్రో లీగ్స్ మ్యాచ్‌లు జరిగిన చోటు, రాబిన్సన్ తర్వాత పెద్ద లీగుల్లోకి వచ్చిన లారీ డోబీ పెరిగిన ఊరు. ఏళ్ల తరబడి పాడుబడి, 2023లో మళ్లీ తెరుచుకుంది. పక్కనే పసాయిక్ జలపాతం ఉంది, ఆట నచ్చనివాళ్లకి అదే చాలు.

కొలంబస్_నాన్న:

అందరికీ చాలా థాంక్స్. క్లీవ్‌ల్యాండ్ గారూ, ఆ మూడు ఔట్లూ చదివి వినిపిస్తే మావాడు హాల్లోనే మొదలుపెట్టేశాడు. డెట్రాయిట్ ఈసారికి కుదరదు, లీగ్ పార్క్, తర్వాత పిట్స్‌బర్గ్ ఖాయం చేశాం. పిట్స్‌బర్గ్ అన్నా, 13నే వద్దామనుకుంటున్నాం. గోడ దగ్గరికి ఎన్నింటికి చేరితే మంచిది? కార్ ఎక్కడ పెట్టాలి?

పిట్స్‌బర్గ్_వాసి:

పన్నెండున్నరకల్లా వచ్చేయండి, ఒంటిగంట ప్రాంతంలో టేపు మొదలవుతుంది. వీధిలో పార్కింగ్ దొరకడం కష్టం, ఫోర్బ్స్ అవెన్యూ వైపు పెయిడ్ గ్యారేజీలో పెట్టి నడవండి. మడత కుర్చీలు, స్వెట్టర్లు తెచ్చుకోండి, గాలి ఉంటుంది. మీ ఆవిడకి ఎదురుగానే కార్నెగీ మ్యూజియం ఉంది, డైనోసార్ల అస్థిపంజరాలు చూస్తూ రెండు గంటలు హాయిగా గడిచిపోతాయి. బాబు గ్లవ్ మర్చిపోవద్దు, గోడ వెనకాల పార్కులో ఆడుకోవచ్చు.