పిచ్చుకలు గూడు చూసి వెళ్లిపోతున్నాయి, తప్పెక్కడ?

పెరట్లో చెక్కగూడు కట్టి రెండు నెలలైంది. లోపలా బయటా పెయింట్ వేశాం. వాలడానికి కన్నం ముందు చిన్న పుల్ల కూడా బిగించాను. కన్నం 5 సెంటీమీటర్లు. పిచ్చుకలు తొంగిచూసి ఎగిరిపోతున్నాయి.

జవాబు: కన్నం పెద్దదండీ. పిచ్చుకకి 32 మిల్లీమీటర్లు చాలు, పెద్దదైతే గోరింకలు దూరతాయి. కొత్త గూడు అక్కర్లేదు, ఆ కొలత కన్నమున్న చెక్కముక్కని పాతదాని మీద మేకులతో కొట్టండి. పుల్ల పీకేయండి. అది కాకి కూర్చుని పిల్లల్ని లాగడానికే పనికొస్తుంది. నేనూ మొదట్లో ముచ్చటపడి పెట్టినవాణ్ణే! లోపలి పెయింట్ గీకేయండి, నున్నటి గోడకి పిల్లల గోళ్లు పట్టవు.

ఇంకొకరు: అడుగున నీళ్లు కారే బెజ్జాలున్నాయా? మధ్యాహ్నపు ఎండ పడనిచోట, 3 మీటర్ల ఎత్తులో పెట్టండి.

అడిగినవారు: బెజ్జాలు లేవు, ఇప్పుడే వేశా. పెయింట్ గీకుతుంటే మా అమ్మాయి అలిగింది, వేసింది తనే మరి.