అరకు గింజలు రైతు దగ్గరే కొన్నవాళ్ళున్నారా?

డికాక్షన్_దాసు: అరకు అరబికా రకం కాఫీ గింజలు నేరుగా రైతు దగ్గర కొన్నవాళ్ళెవరైనా ఉన్నారా? మా ఇంట్లో స్టీలు ఫిల్టరే. ఎంత బరకగా ఆడించాలి, వేయించిన గింజ ఎన్నాళ్ళు నిలుస్తుంది, కిలో ఎంతకి దొరుకుతుంది? షాపులో పావుకిలో రేటు విని బయటికొచ్చేశా.

మన్యం_కుర్రాడు: రేటు గురించి తర్వాత మాట్లాడదాం. మాది పాడేరు వైపు, ఎకరంన్నర తోట. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ మానులకే మిరియాల తీగ. నవంబర్ నుంచి పళ్ళు ఎర్రబడినవి ఎర్రబడినట్టే ఏరాలి, ఒకే మొక్క దగ్గరికి మూడు నాలుగు సార్లు వెళ్ళాలి. కోసిన రోజే పల్పర్‌లో వేసి తొక్క తీయాలి, ఆలస్యమైతే పులుపెక్కుతుంది. ఐదారు కిలోల పళ్ళు పోస్తే కిలో గింజ. ఇంత చేసి సంతకి తీసుకెళ్తే దళారి పచ్చికాయనీ, ఎర్రపండునీ ఒకే రేటుకి తూస్తాడు. మరి మా అమ్మ ఏరడం దేనికి?

తెనాలి_కాఫీ: పావలా చికోరీ కలపండి సార్, డికాక్షన్ చిక్కగా దిగుతుంది. ఉత్త అరబికా అంటే రంగునీళ్ళే.

చేదు_ప్రియుడు: చికోరీ అంటే వేరు, దుంప! అది తాగి కాఫీ తాగాననుకోవడం ఏంటి బాబాయ్. మొన్న ఆన్‌లైన్‌లో ‘ప్రీమియం’ పొడి తెప్పించా, ప్యాకెట్ వెనక చీమ తలకాయంత అక్షరాల్లో 47 శాతం చికోరీ.

తెనాలి_కాఫీ: రాసే అమ్మాడుగా, మోసం ఎక్కడ? కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, అంతే రూలు. మాది మూడు తరాల కాఫీపొడి కొట్టు. కళ్ళు మూసుకుని వాసన చూస్తే చిక్‌మగళూరో, కూర్గో, అరకో చెప్పేస్తా.

చేదు_ప్రియుడు: వాసన చూసి ఊరు చెప్పేవాడికి 47 శాతం దుంప వాసన రాదా?

తెనాలి_కాఫీ: నోరు అదుపులో పెట్టుకో తమ్ముడూ. మీ స్పెషాలిటీ కాఫీ అంటే రుచి చూసి వేసే మార్కుల్లో వందకి ఎనభై దాటిన గింజ, అంతేగా. మార్కులు పాలల్లో కనపడవు.

సీలేరు_అక్క: మీ ఇద్దరూ బయట తేల్చుకోండి. 2025లో అరకు వైపు కాయ తొలిచే పురుగు దిగింది, ఎవరైనా చూశారా? గుండుసూది మొనంత చిల్లు, అంతే, లోపల గింజ ఖతం. పట్టిన పళ్ళన్నీ దూసి, మరిగే నీళ్ళలో వేసి పూడ్పించారు. అప్పుడు మన తోటల టెన్షన్ మాకే తెలుసు. 2019లో అరకు కాఫీకి జీఐ, అదే ఫలానా ప్రాంతం సరుకని ఇచ్చే గుర్తింపు, వచ్చిందని అందరూ గొప్పలు చెప్పుకున్నారు, ఆ కాగితం చూసి పురుగు ఆగుతుందా?

ప్లానో_పద్మ: పారిస్‌లో అరకు పేరుతోనే 2017లో షాపు పెట్టారు కదా, అక్కడ తాగినవాళ్ళున్నారా? మా ఆయన అల్లం టీ మనిషి, నాతో గొడవే.

మన్యం_కుర్రాడు: పారిస్ సంగతేమో గానీ పద్మక్కా, మా ఊళ్ళో చాలామంది కాఫీ పండిస్తారు, తాగేది మాత్రం టీ. నేనూ అంతే. పోయినేడు మా గింజే పెనం మీద వేయించి, రోట్లో దంచి తాగా. పాలు లేవు, చక్కెర లేదు, నిమ్మకాయలాంటి పులుపు తగిలింది. పాడైందేమో అనుకున్నా, బాగుంటే అలాగే ఉంటుందట!

చేదు_ప్రియుడు: ఆ పులుపే చికోరీ మింగేది! ఇప్పటికైనా అర్థమైందా?

తెనాలి_కాఫీ: పులుపు కావాలంటే చింతపండు రసం తాగు.

డికాక్షన్_దాసు: అన్నలూ, బరక...

సీలేరు_అక్క: బొంబాయి రవ్వ కంటే కాస్త మెత్తగా. వేయించిన గింజ నెలలోపు అవగొట్టు, పొడి అయితే వారం. తమ్ముడూ, నీ దగ్గర పార్చ్‌మెంట్, అదే లోపలి పొట్టు తీయని గింజ, ఎంత ఉంది?

మన్యం_కుర్రాడు: రెండు బస్తాలే అక్కా. టార్పాలిన్ మీద ఇంకా ఎండుతోంది, మబ్బు పట్టినప్పుడల్లా చుట్టేస్తున్నాం.

ప్లానో_పద్మ: ఫిల్టర్‌లో పొడి మీద పెట్టే కాడ బిళ్ళ పోయింది నాది. అది విడిగా అమ్ముతారా ఎక్కడైనా?