కమికత్సు: చెత్త బండి రాని ఊరు ఎలా నడుస్తోంది?

ఒసాకా_తెలుగు: జపాన్‌లోని షికోకు దీవిలో, తొకుషిమా ప్రిఫెక్చర్ (రాష్ట్రం లాంటిది)లోని కమికత్సుకు చెత్త బండే రాదంటారు. మరి చెత్తంతా ఎటు పోతుంది? ఊళ్ళో జీవనాధారం ఏమిటి? రైలు లేదు కదా, ఒక్క రోజులో చూసి రావచ్చా? తెలిసినవారు వివరంగా చెప్పండి.

కొండదారి: ముందు ఆ నేల ఎలాంటిదో చూడండి. విస్తీర్ణం దాదాపు 110 చదరపు కిలోమీటర్లు, జనం 1,500 లోపే. 80 శాతానికి పైగా అడవి. కత్సుఉరా నది వెంట ఒకటే పెద్ద రోడ్డు, ఇళ్ళేమో వాలుల మీద అక్కడక్కడా విసిరేసినట్టుంటాయి. ఇంటింటికీ బండి తిప్పితే ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఒకప్పుడు ఆరుబయటే కాల్చేసేవారు. తర్వాత పెట్టిన చిన్న బట్టీలు కూడా డయాక్సిన్ (చెత్త కాల్చితే వెలువడే విష పదార్థం) నిబంధనలు రావడంతో మూతపడ్డాయి. ఇక మిగిలింది వేరుచేయడమే. 2003లో జీరో వేస్ట్ ప్రకటన, అంటే కాల్చి, పూడ్చే చెత్తే లేకుండా చేస్తామన్న ప్రకటన చేశారు.

తడి చెత్తకు ఇంటి దగ్గరే కంపోస్టు. మిగతాది ఎవరికి వారే ఊరి చెత్త సేకరణ కేంద్రానికి తెచ్చి 40కి పైగా విభాగాల్లో వేయాలి. కవర్లు కడిగి ఆరబెట్టాలి, సీసా మూతలు విడిగా తీయాలి, స్టీలు డబ్బాలూ అల్యూమినియం డబ్బాలూ వేరు, గాజు రంగులవారీగా. ప్రతి పెట్టె మీదా ఆ సరుకు ఎక్కడికి పోతుందో, కిలోకు ఊరికి ఎన్ని యెన్‌లు వస్తాయో, లేదా చేతి నుంచి పడతాయో రాసి ఉంటుంది. అక్కడ తప్పకుండా చూడాల్సింది ఆ పలకలనే అంటాను. నూనె జిడ్డున్న కవరు రీసైక్లింగ్‌కు పనికిరాదు, కాల్చడానికి పంపాలి, ఆ డబ్బు ఊరే కట్టుకోవాలి. దాదాపు 80 శాతం రీసైకిల్ అవుతోంది. డైపర్లు, రెండు మూడు పదార్థాలు అతికించి చేసిన వస్తువులు మిగిలిపోతాయి. అవి తగ్గాలంటే తయారుచేసే కంపెనీలే మారాలి.

ఒసాకా_తెలుగు: చాలా బాగా చెప్పారండీ. ఆకులమ్మి సంపాదిస్తారని కూడా విన్నాను?

పచ్చాకు: నిజమేనండి. 1981 ఫిబ్రవరి చలికి అక్కడి మికాన్ నారింజ తోటలు దెబ్బతిన్నాయి. వ్యవసాయ సహకార సంఘంలో పనిచేసిన యొకొయిషి తొమోజి చొరవతో 1986లో 'ఇరొదొరి' పేరుతో ఆకుల వ్యాపారం మొదలైంది. జపాన్ భోజనంలో పళ్ళేనికి అలంకారంగా పెట్టే మేపుల్, నందినా, పెర్సిమన్ ఆకులు, పూల కొమ్మలు, అన్నీ కలిపి 300కి పైగా రకాలు. ఆర్డర్లు ట్యాబ్లెట్‌లో కనబడతాయి, ముందు నొక్కినవాళ్ళకే దక్కుతాయి. ట్రేలోని ఆకులన్నీ ఒకే కొలతలో, ఒకే రంగులో ఉండాలి, పురుగు కొరికిన ఆకు పనికిరాదు. హోటళ్ళు ఋతువుకు కాస్త ముందే అలంకరణ మారుస్తాయి కాబట్టి రైతులూ ముందే సిద్ధంగా ఉండాలి. ఆకు బరువుండదు, అందుకే 70, 80 ఏళ్ళ అవ్వలు కూడా దర్జాగా సంపాదిస్తున్నారు.

తేనీటిగిన్నె: అక్కడ పులియబెట్టి చేసే అవా బంచా టీ సంగతి ఎవరూ ఎత్తలేదు! లేత చిగుళ్ళు కోయరు. నడివేసవి దాకా ఆకును ముదరనిచ్చి కొమ్మ మొత్తం దూసేస్తారు. పెద్ద కాగులో ఉడికించి, నలిపి, పీపాలో తొక్కి తొక్కి నింపి, పైన రాళ్ళు పెడతారు. రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ రోజులు పులియాలి. ఆవకాయ జాడీలాగే, గాలి చొరబడితే బూజు. పీపా విప్పాక ఎండలో ఆరబెట్టాలి, కాబట్టి ఎండ కాసే రోజులు చూసుకునే మూత తీస్తారు. మధ్యలో వాన పడితే సరుకు పాడవుతుంది. రుచి కాస్త పుల్లగా ఉంటుంది. ఈ తయారీ పద్ధతిని 2021లో జపాన్ ప్రభుత్వం ముఖ్యమైన జానపద సాంస్కృతిక సంపదగా గుర్తించింది.

కొండదారి: ప్రయాణం మాట మరిచాను. తొకుషిమా స్టేషన్ నుంచి పక్క ఊరు కత్సుఉరాలోని యొకొసె దాకా బస్సు, అక్కడ ఊరి బస్సుకు మారాలి. రోజుకు కొన్నే నడుస్తాయి, తిరుగు బస్సు వేళ ముందే చూసుకోండి. తొకుషిమాలో కారు అద్దెకు తీసుకుంటే గంట ప్రయాణం. కషిహారా మెట్ల వరిపొలాలు కూడా చూడాలంటే కారే నయం, పైకి రోడ్డు ఇరుకు. ఎదురు బండి వస్తే వెడల్పున్న చోటిదాకా వెనక్కి తీయడం వచ్చి ఉండాలి.